కిటికీ అవతల మాస్టారు

సన్యాసయ్య మాస్టారు నాట్యం క్లాసులో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పరు. చేతిలోని కర్రతో పీట మీద తట్టి, "ఇంటికెళ్తూ చూద్దాంలే" అంటారు. ఇంటికెళ్లడమంటే జగదాంబ జంక్షన్లో మధురవాడ బస్సెక్కడం. మా ప్రశ్నలన్నీ ఆయనతోపాటు ఆ బస్సు ఎక్కుతాయి గాని, జవాబు దొరికేలోపే మాస్టారు ఇసుకతోటలో దిగిపోతారు. కావాలనే అంత దగ్గరలో ఇల్లు తీసుకున్నారని మా అనుమానం.

ఆ రోజు ప్రశ్న ఇందుమతిది. మాస్టారు ఏ నృత్యనాటకం వేయించినా ఇందుమతి చెలికత్తె. సత్యభామకు చెలికత్తె, ఉషకు చెలికత్తె, ఒకసారి మనుషులు ఎక్కువై చెలికత్తెకు కూడా చెలికత్తె. అలాంటిది ఈసారి యశోద వేషం దక్కింది. కృష్ణుణ్ణి మొట్టమొదటి రోజు ఆవుల వెంట పంపించే ఘట్టం. పాట ఆగిపోతుంది. పిల్లాడు మాట అందనంత దూరం వెళ్లిపోతాడు. యశోద మాత్రం గడపలో నిలబడి చేతులతో ఇంకా ఏవేవో జాగ్రత్తలు చెబుతూనే ఉంటుంది. ఇందుమతికి ముద్రలు వచ్చాయి, ఒక్క వేలు కూడా తప్పదు. మొహం మాత్రం రాలేదు. పొద్దంతా బ్యాంకు కౌంటర్లో కూర్చునే పిల్ల. యశోదగా నిలబడ్డా "తర్వాత ఎవరండీ" అంటున్నట్టే ఉంటుంది. ఆ మందలో నేనొక ఆవును గనుక, ఆ మొహాన్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం నాది.

సాయంత్రం ఉత్సవ కమిటీ పెద్దాయన వచ్చి రిహార్సల్ చూశారు. వెళ్తూ వెళ్తూ, "యశోదను మారిస్తే బాగుంటుందేమో మాస్టారూ. రేపు పొద్దున వస్తాను, ఎవరి పేరు వెయ్యాలో చెబితే ఆహ్వానాలు అచ్చుకిస్తాను" అన్నారు. గజ్జెలు విప్పుకుంటున్న ఇందుమతి విననే విన్నది. ఏడవలేదు. గజ్జెల ముడి మాత్రం ఎంతసేపటికీ రాలేదు. తర్వాత మాస్టారి ముందుకొచ్చి నిలబడింది.

"ముద్రలంటే నేర్పితే వచ్చాయి మాస్టారూ. భావం ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి?"

మాస్టారు జ్వరపడి మొన్ననే లేచారు. దగ్గు ఇంకా తగ్గలేదు. అది ఆగేదాకా ఆగి, కర్రతో పీట మీద తట్టారు. "ఇంటికెళ్తూ చూద్దాంలే."

ఆ పూట మాకు ఏసీ బస్సు దొరికింది. దాని కిటికీలు తెరుచుకోవు. ఊరంతా కళ్లకు కనిపిస్తుంది గాని, చప్పుడు లోపలికి రాదు. మాస్టారు ఎప్పటిలాగే కిటికీ సీటు శిష్యురాలికిచ్చి పక్కన కూర్చున్నారు. వాళ్ల వెనక సీట్లో నేను. ఇందుమతి కూర్చోవడంతోనే ఫోన్ తీసింది. రిహార్సల్ వీడియో తీయించుకుందట. తన యశోదను తనే ఆపుతూ, వెనక్కి జరుపుతూ, కనుబొమలు ఎక్కడ లేవాలో ఎక్కడ లేవలేదో వెతుక్కుంటోంది.

"ఏముంది అందులో?" అన్నారు మాస్టారు.

"నేనే మాస్టారూ."

"నువ్వెక్కడికీ పోవులే. బయట చూడు."

చూసింది. ఆశీలుమెట్ట దగ్గర మల్లెపూలావిడ మూరేసి చూపిస్తోంది. ఆ మూర పొట్టిదంటూ కొనే ఆవిడ తన మోచెయ్యి చాపి చూపిస్తోంది. ఇద్దరూ గట్టిగా పోట్లాడుకుంటున్నట్టున్నారు, ఒక్క మాట వినపడితే ఒట్టు. సిగ్నల్ దగ్గర స్కూటర్ ఒకటి మా పక్కనే ఆగింది. ముందు నిలబడ్డ పాప హ్యాండిల్ మీదికి వాలి నిద్రపోతోంది. ఇనుము ఒత్తుకోకుండా వాళ్ల నాన్న ఆ నుదుటి కింద తన అరచెయ్యి పెట్టి ఉంచాడు. పచ్చలైటు పడ్డా ఆ చెయ్యి తియ్యలేదు. వెనకవాళ్లు అతన్ని తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు.

ఇందుమతి మెడ తిప్పి మరీ చూసింది. అంతలోనే దిగులు గుర్తొచ్చినట్టుంది, మళ్లీ ఫోన్ వైపుకి వంగింది.

"రేపు పొద్దున ఆయనకేం చెప్తారు మాస్టారూ?"

"పొద్దున్నే చెప్తాను."

"బెంగపడకే" అన్నాను వెనకనుంచి. "నా ఆవు వేషం నువ్వు తీసుకో. మొహానికి ముసుగుంటుంది, భావంతో పనిలేదు."

"నువ్వు నోర్మూసుకుని నెమరేసుకోవే!" అంది. మాస్టారు నవ్వబోయి దగ్గారు.

ఇసుకతోట వచ్చేసరికి వాన అందుకుంది. మాస్టారు దిగారు. తలుపు మూసుకుంది గాని, ముందు వాహనాలు ఆగిపోవడంతో బస్సు కదల్లేదు. ఆయన ఫుట్‌పాత్ మీద, గొడుగు లేకుండా, ఏ తొందరా లేని మనిషిలా నిలబడి మాకు చెయ్యి ఊపుతున్నారు.

"మాస్టారూ, తడుస్తున్నారు!" అని ఇందుమతి అరిచింది. ఆయనకు వినపడలేదు. కిటికీ మీద దబదబా కొట్టింది. ఆయన దగ్గరికొచ్చి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఏమిటన్నట్టు తల ఎగరేశారు.

ఇందుమతి ఆకాశం వైపు చూపించింది. తన చున్నీ తల మీద కప్పుకుని చూపించింది. మాస్టారు తనూ ఆకాశం వైపు చూసి, అవును వాన, అన్నట్టు తలూపారు. నిజంగా అర్థం కాలేదో, కానట్టు నటించారో, అభినయం నేర్పే మనిషి దగ్గర తేల్చడం కష్టం. ఇందుమతికి కోపమొచ్చింది. మందుల షాపు ముందున్న రేకుల కిందికి పొమ్మని వేలు చూపించింది. ఆయన వెళ్లారు. రెండు వేళ్లు నడిపించి, నడిచి వెళ్లారో ఊరుకోను అని కళ్లెర్రజేసింది. రెండు చేతులతో ఆటో నడిపింది. గుండె మీద చెయ్యేసుకుని దగ్గింది. తల తుడుచుకుంది. లేని గ్లాసులో లేని వేణ్ణీళ్లు ఊది ఊది తాగింది. ఒళ్లోంచి ఫోన్ జారి సీటు కింద పడింది; ఆ సంగతి నాకు తెలుసు, తనకు తెలియదు.

బస్సు కదిలింది. మాస్టారు వెనక్కి వెళ్లిపోతున్నారు. ఇందుమతి చెయ్యి ఒకటి కిటికీకి ఆనించి, రెండోది ఆడిస్తూ ఇంకా చెబుతూనే ఉంది. కళ్లెర్రజేయడం పోయింది. ఆ కళ్లు ఇప్పుడు బతిమాలుకుంటున్నాయి. ఆటపట్టిద్దామని ముందుకు వంగినదాన్ని, మళ్లీ వెనక్కి కూర్చున్నాను.

కండక్టర్ వచ్చి ఆమె పక్కన ఆగాడు. "ఏటమ్మా, నాన్నగారా?"

"కాదు, మా మాస్టారు."

"ఆటో ఎక్కుతార్లే అమ్మా. అంతలా చెప్పినావు కదా."

మర్నాడు పొద్దున కమిటీ పెద్దాయన మాకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఇందుమతి ఆయన్ని చూడనైనా చూడకుండా నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లింది. "తడిశారా? దగ్గెలా ఉంది?"

"ఆటోలోనే వెళ్లాను. తల తుడుచుకున్నాను. వేణ్ణీళ్లు తాగాను" అన్నారు మాస్టారు బుద్ధిగా, అప్పజెప్పినట్టు. తర్వాత పెద్దాయన వైపు తిరిగారు. "యశోద, ఇందుమతే. అచ్చుకిచ్చెయ్యండి."

పెద్దాయన కంటే ఇందుమతే ఎక్కువ తెల్లబోయింది. "కానీ నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు మాస్టారూ."

"నిన్న కిటికీలోంచి నాకు చెప్పినవన్నీ గుర్తున్నాయా?"

"ఎందుకుండవు?"

"అప్పుడు నీ మొహం ఎలా ఉంది?"

ఇందుమతి ఆలోచించింది. "ఏమో మాస్టారూ. చూసుకోలేదు."

మాస్టారు కర్ర అందుకుని పీట మీద తట్టారు.

"పిల్లాడు అప్పుడే సగం దూరం వెళ్లిపోయాడు. గడపలోకి పద."