ఏట్లో కలిసిన తాటాకులు

కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో, కొత్తది ఇంటికి రాకముందే పాతదాన్ని పారేసే కోటిలింగం అనే రైతు ఉండేవాడు. కొత్త పాక లేవకముందే పాత పాక పీకించి, ఒక వానాకాలమంతా పెళ్ళాంబిడ్డల్ని ఇరుగుపొరుగుల అరుగుల మీద పడుకోబెట్టిన ఘనుడు.

వాళ్ళ తాత పశువుల వైద్యుడు. ఏ రోగానికి ఏ ఆకు, ఏ పాళ్ళలో, ఎన్ని పూటలు, అంతా గంటంతో తాటాకుల మీద రాసి పోయాడు. ఊళ్ళో గొడ్డు జబ్బుపడితే కోటిలింగం ఆ కట్ట విప్పి చదివేవాడు. అతని అక్క రత్తమ్మ మందు నూరేది. మొగుడు పోయిన రత్తమ్మకు ఒక్క గేదె ఉండేది. దాని పాలతోనే ఆమె బతుకు.

ఆ రోజుల్లో బందరులో అచ్చాఫీసు వెలిసింది. "తాటాకుల కాలం పోయింది. తాత పుస్తకం అచ్చు వేయిస్తా," అన్నాడు కోటిలింగం. మంచి ఆలోచనే. ఊరికొక ప్రతి ఉంటే ఎన్ని గొడ్లు బతికేవో!

అచ్చాఫీసులో యాకోబు అనే ఆయన అక్షరాలు కూర్చేవాడు. తాటాకు చూస్తూ, అరల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, ఎనిమిదేసి పేజీల చొప్పున అచ్చు తీశాడు. రెండు నెలలకు పని అయింది. ఆకుల కట్ట తిరిగి ఇస్తూ, "కాగితాలు ఇంకా మడవాలి, కుట్టాలి. పది రోజులాగి రండి. ఈ కట్ట మాత్రం జాగ్రత్త," అన్నాడు.

ఊరు చేరగానే కోటిలింగం తిన్నగా ఏటికి నడిచాడు. పనికిరాని తాటాకు పుస్తకాలను ఏట్లో వదలడం ఆ ఊరి ఆచారం. రత్తమ్మ వెంటపడింది.

"ఒరే తమ్ముడూ, పుస్తకం చేతికి రానీరా! పది రోజులు ఈ కట్ట ఇంట్లో ఉంటే నిన్ను అన్నం పెట్టమంటుందా?"

"చివికిపోయిన ఆకులే అక్కా! అక్కడ రెండొందల ప్రతులు తయారవుతుంటే ఈ చెత్త దేనికి?"

"తయారవుతున్నవి వేరు, తయారైనవి వేరు."

"నీకు అచ్చంటే ఏం తెలుసులే," అంటూ కట్టను నీళ్ళలోకి విసిరాడు.

ఏడో రోజున గాలివాన వచ్చింది. అచ్చాఫీసు పైకప్పు లేచిపోయింది. కుట్టని కాగితాలు కొన్ని గాలికి పోయాయి, మిగిలినవి నాని ముద్దయ్యాయి. కోటిలింగం పరుగున వెళ్ళి ఆ ముద్దను విడదీశాడు. చదవడానికి వీలుగా ఒక్క కాగితమే దక్కింది. దానిమీద అచ్చు వేయించినవారి పేరు, అంటే అతని పేరే, పెద్ద అక్షరాలతో ఉంది.

"పోతే పోయింది. మళ్ళీ అచ్చు వెయ్యవయ్యా యాకోబూ. అక్షరాలు నీ దగ్గరే ఉన్నాయిగా?"

యాకోబు అరలు చూపించాడు. "అక్షరాలున్నాయండి. మీ పుస్తకమే లేదు. గంటంతో గీసిన అక్షరం గీసినచోటే ఉంటుంది. పూర్వం చెక్కపలకల మీద చెక్కి అచ్చు వేసేవాళ్ళట, అవీ చెక్కింది చెక్కినట్టే ఉండేవి. ఈ సీసపు అక్షరాలు కూలికొచ్చే మనుషుల్లాంటివి. ఎనిమిది పేజీలు అవగానే విడదీస్తాం. నిన్న మీ చేలో, ఇవాళ ఇంకొకరి చేలో. ఆ తాటాకులు తెండి, మళ్ళీ కూరుస్తాను."

కోటిలింగం తన పేరున్న ఆ ఒక్క కాగితం మడిచి పట్టుకుని ఇంటిదారి పట్టాడు.

మరుసటి నెలలో ఊళ్ళోకి గొంతువాపు రోగం వచ్చింది. రత్తమ్మ గేదె మేత మానేసింది.

"ఆకుల పేర్లు నాకు తెలుసురా. పాళ్ళు చదివేది నువ్వేగా! కాస్త గుర్తు తెచ్చుకో నాయనా," అని ఆమె బతిమాలింది.

కోటిలింగం ఏనాడూ చూసి చదవడమే తప్ప, ఒక్క ముక్క గుర్తుపెట్టుకోలేదు. తోచిన పాళ్ళలో నూరి పోశారు. మర్నాటికి గేదె చచ్చిపోయింది. నెల తిరిగేసరికి ఊళ్ళో సగం కొట్టాలు ఖాళీ అయ్యాయి.

కోటిలింగం అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు.

"తాత అప్పుడు పోలేదురా," అంది రత్తమ్మ. "ఇప్పుడు పోయాడు."

ఆ వారంలోనే ఆమె కొడవలి పట్టుకుని పరాయి చేలో కోతకు వెళ్ళింది.

కొందరు గాలివానదే తప్పన్నారు. కొందరు అచ్చుదే తప్పన్నారు. నేను ఒప్పుకోను. గాలివానలు వస్తూనే ఉంటాయి, అచ్చు మంచిదే. తప్పు కోటిలింగానిది. కొత్తది ఎంత గొప్పదైనా, అది చేతికి అందేదాకా పాతదాన్ని వదలకూడదు.