అంగారకుడికి పల్లకీ

ఒకప్పుడు పట్టపుటేనుగునే పల్లకీలో కూర్చోబెట్టి ఏడు కొండలు దాటించిన బోయీ పైడన్నకు భుజాలు అరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే రాజుగారికి అంగారక గ్రహం మీద విహరించాలని బుద్ధి పుట్టింది. మోయనంటే తల తీయిస్తానన్నారు.

ఆకాశంలో అడుగు నిలిచేందుకు మంత్రం తన దగ్గరుందన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు.

"దారిలో బావులున్నాయా స్వామీ?" పైడన్న నీరసంగా అడిగాడు.

"చుక్క నీరుండదు. పోను ఏడాది, రాను ఏడాది."

"అయితే ప్రభూ, దూరాభారం వెళ్ళేముందు సరుకంతా వేసి పల్లకీ ఎత్తి చూడటం మా బోయీల ఆనవాయితీ."

రాజుగారికీ బోయీలకూ రెండేళ్ళకు సరిపడా నీళ్ళు కుండల్లో పట్టించారు. నూరు కుండలకే పల్లకీ నిండింది. మిగతా పదహారువేలు కోట చుట్టూ బారులు తీరాయి.

"మరి నేనెక్కడ కూర్చోవాలిరా?" అన్నారు రాజుగారు.

"చోటు లేదు ప్రభూ. తమరు సెలవిస్తే ఈ నీళ్ళకే అంగారకుణ్ణి చూపించి తీసుకొస్తాం."

రాజుగారు కుండలను తప్పించుకుంటూ కాలినడకన అంతఃపురానికి వెళ్ళిపోయారు.