గాంధారి పద్యం మీద హక్కు

పద్యనాటకాల గురువు దోనేపూడి పిచ్చయ్యగారిని శిష్యుడు చిట్టెయ్య ఒకనాడు నిలదీసినట్టే అడిగాడు. "మాస్టారూ, కొత్త యంత్రం కనిపెట్టినవాడికి ఇరవై ఏళ్లు హక్కు. ఆ పైన ఎవరైనా చేసుకోవచ్చు. నాటకం రాసినాయనకు మాత్రం బతికినంతకాలం, పోయాక ఇంకో అరవై ఏళ్లూనా? ఇదెక్కడి న్యాయం?"

చిట్టెయ్య మంట ఊరికే రాలేదు. దసరాకు ఆడదామని నేర్చుకోవడం మొదలుపెట్టిన గాంధారి నాటకాన్ని ఆపమని, అది రాసిన కవిగారి మనవడు లాయరు చేత నోటీసు ఇప్పించాడు. కవిగారు పోయి ముప్ఫై ఏళ్లు దాటింది. పుస్తకం అచ్చులో లేదు. నోటీసులకు జడిసి నాటక సమాజాలన్నీ దాన్ని ఎప్పుడో మానేశాయి. ఆ పద్యాలూ వరసలూ మిగిలింది ఒక్క పిచ్చయ్యగారి గొంతులోనే. ఆ గొంతుకీ ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి.

ఆయన వాదించే మనిషి కాదు. "కండువా వేసుకో, అడిగొద్దాం" అని చిట్టెయ్యను గుంటూరు బస్సెక్కించారు.

మనవడు శేషగిరిరావు మర్యాదగానే కూర్చోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు. మాట మాత్రం ఒకటే. "కుదరదండీ. రేపు ఏ సినిమావాళ్లో అడగొచ్చు." పిచ్చయ్యగారు గ్లాసు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, కొడుకుల శవాలను తడుముతూ గాంధారి ఏడ్చే పద్యం ఎత్తుకున్నారు. రాగం తీసి దించేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. శేషగిరిరావు కళ్లు తుడుచుకుని, నాటకం చూసే జనం అరిచినట్టే "వన్స్‌మోర్!" అన్నాడు. "ఏం పద్యమండీ! ఎవరు రాశారు?"

"మీ తాతగారే బాబూ. మీరు ఆపమన్న నాటకంలోదే."

చిట్టెయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా కాదంటాడా? శేషగిరిరావు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఇంత బాగుంటుందనుకోలేదండీ. అయితే మరీ ఇవ్వకూడదు!"

ఛీ! ఏం మనిషండీ! తాత రాసిన దాంట్లో ఒక్క ముక్క ఎరగడు, కాపలా మాత్రం తానే కాస్తాడట.

వీధిలోకి రాగానే చిట్టెయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఇంకా పాతికేళ్లకు పైనే వీడి పెత్తనం! ఆడనివ్వని నాటకాన్ని అందాకా ఎవడు నేర్చుకుంటాడు మాస్టారూ? మీ తర్వాత ఆ పద్యం గతేంటి?"

గురువుగారు కండువా సర్దుకుని నిదానంగా అన్నారు. "పద్యం సంగతి చెప్పలేను గానీ నాయనా, హక్కుకు మాత్రం ఏ ఢోకా లేదు."