ఎండబెట్టిన సెల్లు

సువార్తకు ఏడుపొక్కటే తక్కువ.

తెనాలిలో గఫూర్ మాస్టారి రికార్డింగు గదిలో ఆరేళ్ళుగా పని నేర్చుకుంటోంది ఆమె. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉంది, పనితనమూ ఉంది. కాస్త పొగరు కూడా ఉందని నా అభిప్రాయం. అయినా నన్నెవరడిగారు?

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి చంద్రలీలమ్మగారు వస్తున్నారు. యాభై ఏళ్ళు పద్యనాటకాలాడిన గొంతు ఆవిడది. సోమవారం ఆ గొంతుకే ఆపరేషన్. తర్వాత మాటొస్తుంది గానీ పాట సంగతి చెప్పలేమన్నాడు డాక్టరు. అందుకని ఒక్క పద్యం పాడి దాచుకుందామని వస్తున్నారు.

ఆవిడ పద్యం ఎత్తుకుంటే మొదట గుసగుసలా ఉంటుంది, తర్వాత పైకప్పు లేచిపోతుంది. అలాంటి గొంతును పట్టడానికి మాస్టారి దగ్గర ఓ పాత కంప్రెసర్ పెట్టె ఉంది. అందులో ఓ చిన్న బల్బు, దానికెదురుగా కందిబద్దంత సెల్లు. గొంతు పెరిగితే బల్బు వెలుగుతుంది. సెల్లు ఆ వెలుగు చూసి గొంతును కాస్త కిందికి అదుముతుంది. బల్బు ఆరాక మెల్లగా వదులుతుంది. ఆ మెల్లగా వదలడంలోనే ఉంది దాని గొప్పంతా.

ఆ సెల్లు వారం క్రితం చచ్చిపోయింది. ఆ శుక్రవారం పొద్దున్నే, వక్కపొడి డబ్బాలో ఇరవయ్యేళ్ళుగా దాచిన రెండు సెల్లుల్లో ఒకటి తీసి సువార్త చేతిలో పెట్టారు మాస్టారు. "నువ్వే వెయ్యి" అన్నారు.

వేసింది. తనే మైకు ముందు పాడి చూసింది. గొంతు పెంచగానే పెట్టె అదిమింది, బాగానే ఉంది. ఆ తర్వాత ఉడుంపట్టు పట్టింది. ఎంతసేపటికీ వదల్దే! వెనకాల వచ్చే సన్నటి సంగతులన్నీ మునిగిపోయాయి. చంద్రలీలమ్మగారి పద్యం కూడా ఇలాగే మునిగిపోతుంది!

జుమా నమాజు నుంచి మాస్టారు అప్పుడే వచ్చారు.

"నా చేతుల్తో నేనే కాల్చేశాను మాస్టారూ. సోల్డరింగ్ వేడి తగిలి పోయుంటుంది. ఆ రెండోది ఇవ్వండి."

"వేసేముందు ఏం చేశావు?"

"తప్పేం చెయ్యలేదండీ. చెమ్మవాసన కొడుతుంటే శుభ్రంగా తుడిచి, పొద్దుట్నుంచీ డాబామీద ఎండబెట్టాను."

"వడియంలాగా?"

మాస్టారు పెట్టె మూత బిగించి, స్విచ్చి ఆపేశారు.

"డాబామీద నా చొక్కాలున్నాయి, తీసుకురా. పిలిచేదాకా అక్కడే ఉండు."

మే నెల, మధ్యాహ్నం రెండు. చొక్కాలు ఎప్పుడో ఆరిపోయాయి. వాటిని చంకలో పెట్టుకుని ఎండలో నిలబడింది సువార్త. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఇంకొకడు చుట్టకు నిప్పడిగాట్ట, అని పళ్ళు నూరుకుంది. పావుగంటకు పిలుపొచ్చింది.

మాస్టారు ఆమెను రికార్డింగు గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు. ఆ గదికి కిటికీలు లేవు. దీపం వెయ్యలేదు.

"ఆ మూల స్టూలుంది. వెళ్ళి కూర్చో."

రెండడుగులు వేసిందో లేదో మైకు స్టాండు మోకాలికి కొట్టుకుంది.

"అబ్బా!"

"కళ్ళు పోయాయా అమ్మాయ్?"

"నా కళ్ళకేమైందండీ! ఎండలోంచి వచ్చాను కదా, కాస్త ఆగితే వాటంతటవే..."

అక్కడ ఆగిపోయింది సువార్త. కాసేపటికి ముందు స్టూలు కనిపించింది. తర్వాత చంకలో చొక్కాలు, ఆ తర్వాత మాస్టారి తెల్లగడ్డం.

"ఎంతసేపు ఆగాలి మాస్టారూ?"

"నువ్వు పావుగంట ఎండలో ఉన్నావు. మరి ఆ సెల్లు?"

"పొద్దుట్నుంచీ."

"అయితే టీ పెట్టు."

చంద్రలీలమ్మగారు చెప్పిన టైముకే వచ్చారు. మాస్టారు ఆవిడకు టీ ఇచ్చి పాత నాటకాల కబుర్లలో దింపారు. నాలుగున్నర, ఐదు, ఐదున్నర. ఈలోగా పెట్టె మూత మీదికి రెండుసార్లు చెయ్యి పోయింది సువార్తకు. రెండుసార్లూ వెనక్కి తీసుకుంది.

ఆరింటికి పెట్టె స్విచ్చి వేశారు. ఆవిడ గొంతు సవరించుకుని పద్యం అందుకున్నారు. పైకి వెళ్ళినప్పుడు పెట్టె అదిమింది. ఆవిడ దిగుతుంటే తనూ మెల్లగా పట్టు సడలించింది. ఒక్క సంగతి కూడా మునగలేదు. హమ్మయ్య అనుకుంది సువార్త, కళ్ళు తుడుచుకుంటూ.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని చంద్రలీలమ్మగారు మొదటినుంచీ విన్నారు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నా ఊపిరి కూడా పట్టావటే!" అని సువార్త బుగ్గ పుణికారు. ఆవిడ మొహం తేటపడింది. "ఇంక కోసుకోమను వాళ్ళని."

ఆవిణ్ణి రిక్షా ఎక్కించి వచ్చాక మాస్టారు వక్కపొడి డబ్బా సువార్త చేతిలో పెట్టారు.

"ఇక ఇది నీ దగ్గరుండనీ."

వీధిలో ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. డబ్బాలో రెండో సెల్లు ఎలా ఉందో ఒక్కసారి చూడాలనిపించింది సువార్తకు. మూత మీద బొటనవేలు పెట్టింది.

తెరవలేదు.