దొరబాబు నొప్పి, బల్లి సాక్ష్యం

అనగనగా ఒక అడవిలో ఒక పిల్లి... అబ్బే, అడవిలో పిల్లికి ఏం కష్టంరా? ఎక్కడ పడితే అక్కడ పోసుకుంటుంది, అడిగేవాడు లేడు. మన పిల్లి ఉండేది మంగళగిరిలో, ఒక ఫ్లాటులో, మూడో అంతస్తులో. అందుకే దానికి కథ వచ్చిపడింది.

దాని పేరు దొరబాబు. పేరుకు తగ్గ టెక్కు. పులికి తను మేనమామనని వాడి నమ్మకం. వాణ్ణి పెంచుకునేవాళ్లు పానకాలరావు గారు, ఆయన భార్య వర్ధనమ్మ గారు. వాడి కోసం బాల్కనీ మూల ఒక ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి పెట్టారు. నాలుగేళ్లుగా ఒంటికైనా రెంటికైనా అందులోనే. పని కాగానే ఇసుక కప్పేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి సోఫా ఎక్కేవాడు.

ఛీ ఛీ అని ముక్కులు మూసుకోకండర్రా. మీరు పోయరా ఏంటి?

ఒకరోజు పొద్దున్నే దొరబాబు టబ్బులో కూర్చున్నాడు. చుర్రుమంది! ముక్కగా ముక్కగా రెండు చుక్కలు పడ్డాయి. వాడు బయటికి దూకి టబ్బుకేసి గుర్రుగా చూశాడు.

"ఓహో, నన్నే కరుస్తావా? ఇక నీ మొహం చూడను, పో!" అన్నాడు.

టబ్బు కరుస్తుందా ఎక్కడైనా? నొప్పి టబ్బులో లేదు, వాడి పొట్టలో ఉంది. ఆ సంగతి వాడికి తట్టలేదు. కరవని చోటు వెతుక్కుంటూ బయల్దేరాడు.

ముందు గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా మీద కూర్చున్నాడు. చుర్రు! తరవాత పానకాలరావు గారి ఇస్త్రీ పంచెల దొంతర ఎక్కాడు. మెత్తగానే ఉంది గానీ, చుర్రు! చివరికి మంచం మీద వర్ధనమ్మ గారి చిలకపచ్చ పట్టుచీర కనిపించింది. పేరంటానికి కట్టుకుందామని ఆవిడ పరిచి పెట్టుకున్న చీర. దాని మీద... అయ్యో, ఏం చెప్పమంటారు!

మూడుచోట్లా ఎవరూ చూడకుండానే పోశాడు. కానీ వాసన దాగుతుందా? వర్ధనమ్మ గారు చీర ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క కేక పెట్టారు.

"ఏవండీ! వీడికి పొగరండీ, పొగరు! టబ్బు ఉండగా నా చీర మీద పోశాడంటే కావాలని చేసిన పనే!"

సరిగ్గా అప్పుడే గోడ మీద బల్లి "టిక్ టిక్ టిక్" మంది.

మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమని వాళ్లింట్లో పట్టింపు. వర్ధనమ్మ గారు గబగబా నేల మీద మూడుసార్లు వేలితో కొట్టారు. "సత్యం, సత్యం! చూశారా, బల్లి కూడా ఒప్పుకుంది! సాయంత్రం వీణ్ణి గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రండి" అన్నారు.

అసలా బల్లికి చీర సంగతే తెలీదు. దోమ దొరికిందన్న సంబరంలో పలికింది, అంతే.

పానకాలరావు గారికి దొరబాబంటే ప్రాణం. కానీ బల్లి మాటకి ఎదురు చెప్పే ధైర్యం లేదు, భార్య మాటకి అసలే లేదు. అటక మీంచి గోనెసంచి దించారు.

చేపల మార్కెట్ అంటే ఇంకో రోజైతే దొరబాబు ఎగిరి గంతేసేవాడే. ఇప్పుడు గంతు వేయాలన్నా పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. ఆ మార్కెట్ నిండా ఊరకుక్కలు. ఈ నడకతో ఒక్కదాన్నుంచీ తప్పించుకోలేడు. వాడికి మొదటిసారి భయం వేసింది.

మెల్లగా గోడ కిందికి వెళ్లాడు.

"ఒసేయ్ బల్లీ! నీ మాట వెనక్కి తీసుకో" అన్నాడు.

బల్లి తల తిప్పలేదు.

"బల్లి గారూ! ఈ ఇంట్లో దోమలన్నీ మీకే రాసిస్తాను" అన్నాడు.

"దోమలు నీ బాబుగాడి సొమ్మేంట్రా?" అంటూ బల్లి తోక చూపించింది. తోక వంకరగా ఉంది. నిరుడు దొరబాబు సరదాకి కొరికేస్తే, మళ్లీ మొలిచిన తోక అది.

దొరబాబు తల దించుకున్నాడు. "తప్పయిపోయింది అక్కా. ఒంటికి కూర్చుంటే మంట. చచ్చిపోతానేమో అనిపిస్తోంది."

"ఇన్నేళ్లలో నీ నోట నిజం రావడం ఇదే మొదలు" అంది బల్లి. "సరే విను. నాకు టిక్ మనడమే వచ్చు. నీకు నొప్పన్న మాట వాళ్లు అనాలి, అప్పుడు నేను పలుకుతాను. నువ్వు దాక్కుని పోస్తే వాళ్లకెలా తెలుస్తుంది? వెళ్లి వాళ్లెదురుగా కూర్చుని ఏడువు."

"పులికి మేనమామని! అందరి ముందూ ఏడవాలా?"

"వద్దులే. గోనెసంచిలో ఏడువు."

సాయంత్రమైంది. పానకాలరావు గారు సంచి మూతి తెరిచారు. దొరబాబు హాలు మధ్యకి వచ్చి కూర్చున్నాడు. టెక్కు గిక్కు అంతా పక్కన పెట్టి, ఇల్లదిరేలా ఏడ్చాడు. తెల్లటి పాలరాయి మీద ఒక్క చుక్క పడింది.

"మళ్లీనా!" అంటూ వర్ధనమ్మ గారు చీపురెత్తారు.

పానకాలరావు గారు వంగి చూశారు. "ఆగవే! ఎర్రగా ఉంది. వీడికి పొగరు కాదేమో, నొప్పేమో!"

అదే సమయానికి బల్లి మూతి ముందు ఒక దోమ వాలింది. మామూలు దోమ కాదు, వారానికొకటి కూడా దొరకని బొద్దు దోమ. బల్లి దోమని చూసింది. తన వంకర తోకని చూసింది. కింద ముడుచుకుపోయి ఏడుస్తున్న దొరబాబుని చూసింది. దోమని పోనిచ్చింది.

"టిక్ టిక్ టిక్!"

వర్ధనమ్మ గారి చీపురు గాల్లోనే ఆగిపోయింది. "సత్యం" అన్నారు. ఆ పట్టుచీరలోనే దొరబాబుని చుట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కారు.

పశువుల డాక్టరు జరిగిందంతా విని, పొట్ట నొక్కి చూశాడు. "ఒంటికి వెళ్లే దారిలో ఇసుకలాంటి రాళ్లు అడ్డం పడ్డాయమ్మా. రేపటి దాకా ఆగుంటే దక్కేవాడు కాదు. వీడికి పొగరేంటి, మీతో మొర పెట్టుకున్నాడు" అన్నాడు.

వారానికి దొరబాబు కోలుకున్నాడు. భయపడుతూనే టబ్బులో కాలు పెట్టాడు. టబ్బు కరవలేదు. ఆ తరవాత బల్లి తోక జోలికి వెళ్తే ఒట్టు.

పరామర్శకి వచ్చిన పక్కింటావిడతో వర్ధనమ్మ గారు అన్నారు: "నేను ముందే అనుకున్నానండీ, పాపం వీడికి ఒంట్లో బాగాలేదని!"

అని, ఆశగా గోడ వైపు చూశారు.

బల్లి పలకలేదు.

నీతి: ఎవరైనా పోయకూడని చోట పోస్తే, గోనెసంచి దించకముందే ఎక్కడ నొప్పో కనుక్కోండి, నొప్పున్నవాళ్లు టెక్కు మాని నలుగురి ముందూ చెప్పండి.