తిరగలి నాలుగున్నర చుట్లు

పద్మినీబాయి ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని గుండెలు బాదుకుంటోంది.

టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు ట్రంకు కాల్స్ దగ్గర కూర్చుని, జనం మాట్లాడిన నిమిషాలు లెక్కపెట్టిన మనిషి ఆమె. అరవై ఎనిమిదో ఏట బసమ్మవ్వ ఆశ్రమానికి వచ్చి, తాను మాట్లాడని నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూట ఎనిమిది గంటలు మౌనంగా కూర్చున్నవాళ్లకే అక్కడ ఉపదేశం. అదీ ఏడాదికి ఒక్కరోజే. ఆ రోజు రేపే.

మర్చిపోతానన్న భయంతో ఏ పూట మౌనాన్ని ఆ పూటే కంప్యూటర్ షీటులోకి ఎక్కించింది. ఒకరోజు గంటా పది నిమిషాలు, ఒకరోజు యాభై నిమిషాలు, అలా నాలుగు నెలలు. ఇవాళ అడుగున మొత్తం వేస్తే, పన్నెండు గంటలు అని వచ్చింది.

జొన్నలు విసురుతున్న బసమ్మవ్వ ముందుకు పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, నా మౌనం ఎవరో ఎత్తుకుపోయారు!"

"ఎవరూ ఎత్తుకుపోలేదు. నీ గోలకి అదే పారిపోయుంటుంది."

"నవ్వులాట కాదవ్వా! నాలుగు నెలలకీ కలిపి పన్నెండు గంటలంట. గంటలొద్దు, మామూలు అంకె చూపించమంటే నాలుగున్నర అంటోంది. ఏది నమ్మాలి? నిన్న మా చెల్లెలి పేరు ఎంతకీ గుర్తురాలేదు. వచ్చే ఏడాదికి మీరెవరో నాకు తెలుస్తుందా?"

ల్యాప్‌టాప్‌ని అవ్వ ముందు పెట్టింది.

బసమ్మవ్వ తిరగలి ఆపి, పిడిని తన మోకాలి దగ్గరకి తెచ్చుకుంది.

"చూశావా, పిడి ఎక్కడుందో? ఎదురుగా కూర్చో. ఆ నాలుగున్నర చుట్లేవో తిప్పు."

పద్మినీబాయి తిప్పింది. రాయి గరగరలాడింది. నాలుగు చుట్లు తిరిగి, మరో అరచుట్టుకి పిడి ఆమె మోకాలి దగ్గర ఆగింది.

"ఇప్పుడు కొత్తగా ఎవరైనా వచ్చి పిడిని చూస్తే, ఎన్ని చుట్లు తిరిగిందంటారే?"

"అరచుట్టు."

"మరి ఆ నాలుగు?"

పద్మినీబాయి రాతి అంచున రాలిన పిండిని చూసింది. పిడిని చూసింది. మళ్లీ పిండిని చూసింది.

"అవ్వా! చుట్టంటే రోజు! ఇరవైనాలుగు గంటలు నిండగానే గడియారం లాగా మళ్లీ మొదటికొస్తోంది ఇది! పన్నెండు గంటలంటే ఆఖరి అరరోజు. నాలుగున్నర అంటే రోజులు!"

పిండి చేతులతోనే ల్యాప్‌టాప్ లాక్కుంది. నాలుగున్నరను ఇరవైనాలుగుతో గుణించింది. గడిలో గంటలూ నిమిషాలూ లేని ఉత్త అంకె వచ్చి కూర్చుంది.

"నూట ఎనిమిది!"

వసారాలో గిర్రున తిరిగింది. చూరు మీది పావురాలు టపటపా లేచిపోయాయి.

"నూట ఎనిమిది అవ్వా! ఒక్క నిమిషం కూడా పోలేదు! నా నాలుగు నెలలూ ఇందులోనే ఉన్నాయి!"

"సరేలే, రేపు తలకి పోసుకుని రా. పావురాలని మాత్రం బెదరగొట్టకు."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే వచ్చి తిరగలి పక్కన చతికిలబడింది. మీటల మీద పడిన పిండిని ఊదుతూ ఊదుతూ ఆగిపోయింది. ఉపదేశం ఎక్కడా రాసుకోకూడదు.

"అవ్వా, రేపు మీరు చెప్పేది మర్చిపోతే?"

బసమ్మవ్వ పిండిని గుప్పిళ్లతో చేటలోకి ఎత్తింది.

"ఆ జల్లెడ ఇలా అందుకో. ఎన్ని చుట్లు నలిగిందో పిండికి గుర్తుండదు. రొట్టె అవుతుంది."