గుసగుసగా ఉప్పమ్మిన గవరయ్య

అనగనగా, సముద్రం ఇప్పటికంటే ఊరికి దగ్గరగా ఉన్న రోజుల్లో, ఒక ఉప్పాయన ఉండేవాడు. పేరు గవరయ్య. భుజాన కావిడి, కావిడికి రెండు బుట్టలు. ఒక బుట్టలో ఉప్పు, రెండో బుట్టలో ఉప్పుకి మారుగా జనం పోసిన ధాన్యం. వీధి మొదట్లో నిలబడి "ఉప్పో... రాళ్ళుప్పో..." అని కేక వేస్తే, వీధి చివర పోట్లాడుకుంటున్న అత్తాకోడళ్ళు కూడా పోట్లాట ఆపి చేటలో గింజలు పట్టుకుని బయటికి వచ్చేవారు.

పెళ్ళైన చాలా ఏళ్ళకి గవరయ్యకి కొడుకు పుట్టాడు. సన్నిబాబు అని పేరు పెట్టుకున్నారు. పిల్లాడు బోర్లా పడే వయసు వచ్చేసరికి గజ్జల్లో చిన్న ఉబ్బు కనిపించింది. ఏడిస్తే ఉబ్బు బయటికి వచ్చేది. పడుకుంటే లోపలికి పోయేది.

సంత జరిగే ఊళ్ళో ఒక ఆసుపత్రి ఉంది. కోత కోసే డాక్టరమ్మ సంత రోజున మాత్రమే అక్కడికి వచ్చేది. ఆమె పిల్లాణ్ణి చూసింది.

"చిన్న కోత. కాసిని కుట్లు పడతాయి, అంతే," అంది. "కానీ నిద్రమందు ఇవ్వాలి. పొట్టలో ఏదైనా ఉంటే ఆ నిద్రలో పైకి వచ్చి ఊపిరికి అడ్డం పడుతుంది. వచ్చే సంతకి ఖాళీ కడుపుతో తీసుకురండి. తెల్లారాక నోట్లో ఏమీ పడకూడదు."

సరేనన్నారు. సంత రోజు వచ్చింది. పిల్లాణ్ణి తీసుకుని గవరయ్య, పెళ్ళాం పైడమ్మ, తల్లి నూకాలు బయల్దేరారు.

డాక్టరమ్మ పిల్లాడి నోరు తెరిచి చూసింది. నాలుక మీద తెల్లగా ఉంది.

"ఇదేమిటి?"

"పెరుగు, తల్లీ," అంది నూకాలు గర్వంగా. "మా ఇంట్లో ఎవులు పని మీద ఎల్లినా నోట్లో పెరుగు పెట్టే పంపిత్తాం. ఈడు ఇంత పెద్ద పనికెల్తన్నాడు కదా, ఉగ్గుగిన్నెడు పట్టించీసినాను."

డాక్టరమ్మ ఇంటికి పంపేసింది. దారి పొడుగునా గవరయ్య తల్లికి పదడుగులు ముందే నడిచాడు.

రెండో సంత వచ్చింది. ఈసారి ఆసుపత్రిలో నూకాలు చేతులు కట్టుకుని కూర్చుంది. పిల్లాడు ఆకలికి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పైడమ్మకి పాలు చేపి రవిక తడిసిపోయింది. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. ఆఖరికి గోడ వైపు తిరిగి పైట కప్పేసింది.

డాక్టరమ్మ పిలిచేసరికి పైడమ్మే ముందు చెప్పింది. "ఇచ్చీసినాను, తల్లీ. తప్పు నాదే."

డాక్టరమ్మ ఆమె భుజం తట్టింది. పిల్లాడి ఉబ్బు మీద చెయ్యి వేసి చూసింది. అది వెనకటిలా మెత్తగా లేదు.

"గవరయ్యా, పేగు జారి ఇందులోకి వస్తోంది. అది ఇరుక్కుపోతే నా చేతిలో కూడా ఉండదు. వచ్చే సంత తప్పకూడదు."

ఆ మాట విన్నాక గవరయ్య కావిడి ఎత్తలేదు. ఏడిపించకుండా పిల్లాణ్ణి ఎత్తుకునే తిరిగాడు.

మూడో సంత వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర గవరయ్య ఆగాడు.

"ఒలే పైడీ, నువ్వు ఇక్కడే ఉండిపో. నీ దగ్గిర పాల వోసనొస్తాది, ఆడు ఊరుకోడు. అమ్మా, నువ్వూ ఉండిపో. నీ దగ్గిర పెరుగుంటాది."

"మరి నువ్వొక్కడివీ ఆపగలవేటి?" అంది నూకాలు.

"ఆడు తిన్నీవరకూ నానూ తినను. ఇద్దరం ఒకలాగే ఉంటాం."

ఆసుపత్రి వసారా నిండా జనం. గవరయ్య పిల్లాణ్ణి భుజాన వేసుకున్నాడు. కావిడి మోసి మోసి కాయ కాసిన భుజం అది. పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. ఊపాడు, ఆగలేదు. తట్టాడు, ఆగలేదు. జోలపాట పాడదామంటే గవరయ్యకి ఒక్కటీ రాదు. వచ్చిందల్లా ఒక్కటే.

"ఉప్పో..." అన్నాడు.

"ఏయ్, ఇక్కడ కేకలెయ్యకూడదు," అంది ఆయా.

గవరయ్య గొంతు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. పిల్లాడి చెవిలో గుసగుసగా, "ఉప్పో... రాళ్ళుప్పో..." అన్నాడు. అంటూ కావిడి నడక నడిచాడు, మోకాళ్ళు మెల్లగా వంచుతూ, ఊగుతూ. పిల్లాడు వెక్కిళ్ళు పెట్టి ఆగాడు.

మూలన కూర్చున్న ముసలమ్మ నవ్వింది. "ఓరి ఉప్పాయనా, ఇక్కడెవులు కొంటార్రా నీ ఉప్పు?"

"ఈడే, అప్పా. ఏడుపు పోసి ఉప్పట్టుకెల్తన్నాడు."

అప్పుడే ఎవరో అన్నం మూట విప్పారు. ఘుమఘుమ వచ్చింది. పిల్లాడు తల తిప్పి మళ్ళీ నోరు తెరిచాడు. ముసలమ్మ తన మూట దగ్గరికి లాక్కుని ముడి బిగించింది. "ఆ గుంటడు తిన్నాక తిందారి," అంది. అటు పక్కవాళ్ళు మూట కట్టారు. ఇటు పక్కవాళ్ళు కట్టారు. వసారాలో ఒక్క మూట తెరిచి లేదు.

డాక్టరమ్మ వచ్చి చేతులు చాచింది. ఇవ్వడం గవరయ్య వల్ల కాలేదు. ఆమె చాచిన చేతులు అలాగే ఉంచింది. చివరికి ఇచ్చాడు. తలుపు పడింది. లోపల పిల్లాడు గుక్కపట్టాడు.

డాక్టరమ్మ లోపలి నుంచే అంది. "గవరయ్యా, వాడికి వినపడేలా పిలువు."

గవరయ్య తలుపుకి నోరు ఆనించి "ఉప్పో..." అని పిలిచాడు. లోపల ఏడుపు సన్నగిల్లింది, ఆగిపోయింది. నిద్రమందు పని చేసింది. కానీ ఆపమని గవరయ్యకి ఎవరూ చెప్పలేదు. కోత అయ్యేవరకూ, కుట్లు పడేవరకూ, మూసిన తలుపుకి ఉప్పు అమ్ముతూనే ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. "అయిపోయింది. బాగున్నాడు," అంది డాక్టరమ్మ.

కొంతసేపటికి పిల్లాడు మేలుకున్నాడు. గేటు దగ్గర నుంచి పైడమ్మ పరుగున వచ్చి పాలిచ్చింది. అప్పుడు వసారాలో మూటలన్నీ ఒక్కసారి విప్పారు. ముసలమ్మ మొదటి ముద్ద గవరయ్య చేతిలో పెట్టింది. అతను నమిలి ముఖం చిట్లించాడు.

"అప్పా, ఉప్పు లేదు."

"నాకు పత్యంరా. పొద్దున్నుంచీ అంత ఉప్పమ్మినావు, ఓ రాయి నీ దగ్గిర లేదేటి?"

గవరయ్య మొలలో వెతికితే ఒక రాయి దొరికింది. చిదిపి నంజుకున్నాడు. నవ్వీ నవ్వీ అందరికీ పొలమారింది.

ఆ తరువాత బతికినన్నాళ్ళూ ప్రతి సంత రోజూ గవరయ్య గేటు దగ్గర కావిడి దించి, "పసోలెవులైనా ఉన్నారా?" అని అడిగేవాడు. కోతకి వచ్చిన పసివాళ్ళు ఉంటే భుజాన వేసుకునేవాడు. వాళ్ళు తినేవరకూ తను తినేవాడు కాదు.

అతను పోయాక వచ్చిన సంతకి ఒక పాప ఆకలితో ఏడుస్తోంది. తల్లి ఊపింది, ఆగలేదు. ఆయా తట్టింది, ఆగలేదు. అప్పటికి తల నెరిసిన డాక్టరమ్మ వచ్చి పాపని భుజాన వేసుకుంది. అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ, చెవిలో "ఉప్పో..." అంది.

ఇప్పటికీ అక్కడ అంతే. పసివాళ్ళని కోతకి తీసుకువెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, గుసగుసగా ఉప్పు అమ్ముకుంటూ వెళ్తారు. ఆ బిడ్డ పాలు తాగేవరకూ వసారాలో ఎవరూ మూట విప్పరు. విప్పాక మొదటి ముద్దతో ఒక ఉప్పురాయి నంజుకుంటారు.

అలా నిద్రపోయి లేచిన పిల్లలు పెరిగి పెద్దవాళ్ళై ఎక్కడెక్కడో ఉన్నారు. వీధిలో ఉప్పు కేక వినపడితే చేస్తున్న పని ఆపి తల తిప్పుతారు. ఇంట్లో ఉప్పు నిండుగా ఉన్నా సరే, లేచి గుమ్మంలోకి వస్తారు. ఎందుకొచ్చారో వాళ్ళకి తెలియదు. మీకు తెలుసు.